వెనక టైరు మళ్ళీ మళ్ళీ పంక్చర్ అవుతుంటే: ముందు రంధ్రం ఎక్కడుందో చూడండి

మీరు అడిగింది ఇదీ: స్పోకుల చక్రం, ట్యూబ్ టైరు ఉన్న వంద సీసీ బండి. వెనక చక్రానికి ప్యాచీ వేయిస్తే నాలుగు రోజులకే మళ్ళీ గాలి దిగిపోతోంది. ట్యూబు మార్చాలా, టైరు మార్చాలా, ఇంట్లోనే పంక్చర్ వేసుకోవడం ఎలా, ట్యూబ్‌లెస్‌కు మారితే ఈ బాధ తప్పుతుందా?

ఇప్పుడే ఏదీ కొనకండి. ఒకే చక్రం వెంటవెంటనే పంక్చర్ అవుతోందంటే, చాలాసార్లు కారణం టైరు లోపలే ఉండిపోయి, పైన ప్యాచీ మాత్రమే పడుతోందని అర్థం. ట్యూబు మీద రంధ్రం ఏ వైపు ఉందో, ఏ ఆకారంలో ఉందో చూస్తే కారణం తొంభై పాళ్ళు తెలిసిపోతుంది. షాపులో ఉన్న తొందరలో ఈ పని ఎవరూ చేయరు. మీరు దగ్గరుండి చూడండి, లేదా మీరే విప్పండి.

విప్పే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. గాలి నిండుగా కొట్టి, వాల్వు మూత తీసి, మూతి మీద సబ్బు నీళ్ళ చుక్క వేయండి. బుడగ ఉబ్బుతుంటే లోపలి వాల్వ్ పిన్ను లీకవుతోంది. పిన్ను బిగించి చూడండి, ఆగకపోతే కొత్తది వేయండి. రాత్రి బాగున్న టైరు తెల్లారేసరికి మెత్తబడే కేసుల్లో ఇది తరచూ దొరుకుతుంది. వాల్వు మూత పోయి దుమ్ము చేరిన బండ్లలో మరీ ఎక్కువ.

వాల్వు బాగుంటే చక్రం పని మొదలుపెట్టండి. బండిని గట్టి నేల మీద సెంటర్ స్టాండు వేయండి. వాల్వు ఉన్న చోట టైరు పక్క గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టండి. ఈ గీత లేకపోతే తర్వాత ముల్లును వెతకడం కష్టం. టైరు మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే అదీ చూసి పెట్టుకోండి.

చక్రం ఊడదీయాలా వద్దా అన్నది చేసే పనిని బట్టి ఉంటుంది. ప్యాచీ వేయడానికి ఊడదీయక్కర్లేదు. టైరు ఒక అంచును మాత్రం రిమ్ము మీదికి తీసి, ట్యూబును పక్కకు లాగి, అక్కడే ప్యాచీ వేయొచ్చు. రోడ్డు పక్కన అందరూ చేసేది ఇదే. కానీ ట్యూబు యాక్సిల్ (చక్రం ఇరుసు) చుట్టూ గొలుసులా ఉంటుంది కాబట్టి, మార్చాలంటే చక్రం దించక తప్పదు. మళ్ళీ మళ్ళీ పంక్చర్ అవుతున్న చక్రాన్ని మాత్రం ఒకసారి పూర్తిగా దించి, రిమ్ము లోపల కూడా చూడమనే నా సలహా.

దించేటప్పుడు బ్రేకు రాడ్డు నట్టు, డ్రమ్ము ప్లేటును పట్టి ఉంచే టార్క్ రాడ్డు, దాని పిన్ను, యాక్సిల్ నట్టు వరసగా విప్పండి. చెయిను అడ్జస్టర్ ఎన్నో గీత మీద ఉందో రెండు వైపులా ఫోన్లో ఫొటో తీసుకోండి. యాక్సిల్ లాగేటప్పుడు పడే బుష్‌లు (ఇరుసు మీది చిన్న గొట్టం ముక్కలు) ఏ వైపువో కూడా ఫొటోలో రావాలి, తారుమారైతే చక్రం వంకరగా కూర్చుంటుంది. వెనక డిస్కు బ్రేకు ఉన్న బండైతే, చక్రం బయట ఉన్నంతసేపు బ్రేకు తొక్కకండి. ప్యాడ్లు దగ్గరికి వచ్చేసి డిస్కు మళ్ళీ దూరదు.

ఇక టైరు తీయడం. వాల్వ్ పిన్ను పూర్తిగా తీసేసి గాలంతా వదలండి. పిన్ను నొక్కి వదిలితే కొంత గాలి మిగిలి, ట్యూబు లివరు (టైరు అంచును లేపే ఇనుప పట్టీ) కింద పడి చిరుగుతుంది. వాల్వు నట్టు తీయండి. టైరు అంచును చుట్టూ మడమతో తొక్కి రిమ్ము నుంచి విడదీయండి. సబ్బు నీళ్ళు పూస్తే తేలికగా వస్తుంది. డీజిలు, ఇంజిను ఆయిలు, గ్రీజు మాత్రం ముట్టుకోవద్దు. అవి రబ్బరును ఉబ్బించి పాడు చేస్తాయి, తర్వాత టైరు రిమ్ము మీద జారుతుంది.

లివరు వాడడంలో బలం కన్నా ఒక కిటుకు ముఖ్యం. రిమ్ము మధ్యలో ఒక లోతైన గాడి ఉంటుంది. మీరు లివరు పెట్టే చోటుకు సరిగ్గా ఎదురుగా, అవతలి పక్క టైరు అంచును మోకాలితో నొక్కి ఆ గాడిలోకి దించాలి. అప్పుడు ఇవతల వదులు వస్తుంది. ఈ పని చేయనివాళ్ళే గంటసేపు కుస్తీ పడతారు, రిమ్ము వంచుతారు. వాల్వు దగ్గర మొదటి లివరు పెట్టి, రెండోది ఐదారు సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. అంచు కిందకు దూరేంత లోతే చాలు, ఎక్కువ దూరిస్తే ట్యూబును గిల్లుతుంది. స్క్రూడ్రైవరుతో అసలు చేయొద్దు.

ట్యూబు బయటకు రాగానే మామూలు సైజు కన్నా కొంచెం ఎక్కువ ఉబ్బేలా గాలి కొట్టి, బకెట్టు నీళ్ళలో కొంచెం కొంచెంగా ముంచి తిప్పండి. ఒక రంధ్రం దొరకగానే ఆగకండి, మొత్తం చుట్టూ చూడండి. బాల్‌పెన్నుతో గుర్తు పెట్టేటప్పుడు రంధ్రం మీద చిన్న చుక్క కాకుండా, ప్యాచీ కన్నా పెద్దదిగా కూడిక గుర్తు గీయండి. గీకినా దాని చివరలు కనపడుతూ ఉంటాయి.

ఇప్పుడు అసలు విషయం: రంధ్రం ఎక్కడుంది?

బయటి వైపు, అంటే రోడ్డు వైపు, సన్నగా ఒకటే ఉంటే ముల్లో మేకో తీగముక్కో గుచ్చుకుంది. ట్యూబు వాల్వును టైరు మీది సుద్దగీతకు ఆనించి, రంధ్రం అంత దూరంలో టైరు లోపల వెతకండి. ట్యూబు తిరగబడి ఉండొచ్చు కాబట్టి వాల్వుకు రెండు వైపులా అదే దూరంలో చూడాలి. మన ఊళ్ళలో సర్కారు తుమ్మ, నల్ల తుమ్మ ముళ్ళు దీనికి పెద్ద కారణం. కంప కొట్టిన చేల గట్ల పక్క దారుల్లో ఇది మరీ ఎక్కువ. ఈ ముల్లు గుచ్చుకున్నాక బయట విరిగిపోతుంది, మొన మాత్రం రబ్బరులో ఉండిపోతుంది. ఖాళీ టైరులో చేత్తో తడిమితే దొరకదు. మనిషి కూర్చుని టైరు అణిగినప్పుడు మొన లోపలికి పొడుచుకొస్తుంది, బరువు దిగగానే వెనక్కి పోతుంది. నాలుగు రోజులకోసారి అదే చోట పంక్చర్ పడడానికి కారణం ఇదే. పాత నూలు బనియను గుడ్డ తీసుకుని టైరు లోపలంతా గట్టిగా తుడవండి, ఒకసారి ఆ వైపు, ఒకసారి ఈ వైపు. పోగు ఎక్కడ తట్టుకుంటే అక్కడ టైరును బయటికి వంచి చూడండి. వేళ్ళతో తడమకండి, తీగముక్క ఉంటే కోసుకుంటుంది. దొరికిన మొనను లోపలి నుంచి దబ్బనంతో బయటికి నెట్టి, ప్లయరుతో లాగేయండి.

రెండు చీలికలు పక్కపక్కన, సెంటీమీటరు అటూ ఇటూ ఎడంతో ఉంటే ఏ ముల్లూ గుచ్చుకోలేదు. గాలి తక్కువగా ఉన్నప్పుడు గుంతలో పడి, టైరుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగింది. టైరు ఎంత కొత్తదైనా గాలి చూసుకోకపోతే ఇది ఆగదు. ప్యాచీ వేయించుకున్న కొద్ది కిలోమీటర్లకే ఇలాంటి చీలిక కనపడితే మాత్రం, అది టైరు ఎక్కించేటప్పుడు లివరు గిల్లిన గాటు కావచ్చు.

రంధ్రం లోపలి వైపు, రిమ్ముకు ఆనే చోట ఉంటే టైరును వెతికి లాభం లేదు. రిమ్ము మధ్యలో ఉండే రబ్బరు పట్టీ తెగిందో, పక్కకు జరిగిందో, అసలు లేదో చూడండి. పట్టీ లేని చోట స్పోకు నిపిల్ (స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు) తల ట్యూబును రాస్తుంది. స్పోకు చివర నిపిల్ దాటి పైకి పొడుచుకొస్తే ఆకురాయితో సమంగా అరగదీయండి. తుప్పు పొరలుంటే ఎమరీ కాగితంతో గీకి, తుడిచి, కొత్త పట్టీ వేయండి. పాత ట్యూబు ముక్క కత్తిరించి పట్టీగా వేసే అలవాటు ఉంది. అది బిగువుగా లేకపోతే జరిగిపోయి మళ్ళీ కథ మొదటికి వస్తుంది.

వాల్వు ట్యూబుకు కలిసే మొదలు దగ్గర చిరిగితే ప్యాచీ నిలవదు, ట్యూబు మార్చాల్సిందే. గాలి తక్కువగా ఉన్నప్పుడు బ్రేకు వేస్తే టైరు రిమ్ము మీద కొద్దిగా జరుగుతుంది. ట్యూబు దానితోపాటు జరుగుతుంది, వాల్వు మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. అక్కడే తెగుతుంది. వాల్వు నిటారుగా కాక వాలి కనపడితే ఇది మొదలైనట్టే. అందుకే వాల్వు నట్టును రిమ్ముకు బిగించి పెట్టకుండా, కొంచెం పైకి, మూత వైపు ఉంచడం మేలు. వాల్వు వాలితే కంటికి కనపడుతుంది, వెంటనే గాలి తీసి సరిచేసుకోవచ్చు.

ఒకే చోట గుంపుగా సన్నటి చుక్కల్లాంటి రంధ్రాలు, చుట్టూ అరిగిన మచ్చ ఉంటే ట్యూబు మడతపడి రాసుకుంది. సైజు పెద్ద ట్యూబు వేసినా, లోపల ఇసుక మిగిలినా ఇలా అవుతుంది. ట్యూబు మీద రాసిన సైజూ టైరు సైజూ సరిపోవాలి, ఉదాహరణకు 2.75-18 టైరుకు అదే సైజు రాసి ఉన్న ట్యూబు. పాత ప్యాచీ అంచు నుంచి బుడగలు వస్తుంటే కొత్త రంధ్రం లేదు, ప్యాచీ సరిగా అతకలేదు. దాని మీదే ఇంకో ప్యాచీ వేస్తే అదీ లేస్తుంది.

ప్యాచీ ఎందుకు లేస్తుందో కూడా చెప్పాలి, ఎందుకంటే సగం ఫిర్యాదులు ఇక్కడివే. తయారీలో ట్యూబు మీద నునుపైన పొర ఏర్పడుతుంది, సొల్యూషన్ (ప్యాచీ అతికించడానికి రాసే రబ్బరు ద్రవం) దాన్ని పట్టదు. ప్యాచీ కన్నా అర సెంటీమీటరు ఎక్కువ మేర, నిగనిగ పోయి నల్లగా మాసినట్టు అయ్యేదాకా ఎమరీ కాగితంతో గీకాలి. ట్యూబు మీద పొడుగునా ఉండే అచ్చు గీత దగ్గర రంధ్రం పడితే, ఆ గీత పూర్తిగా చదునయ్యేదాకా గీకాలి. లేకపోతే ప్యాచీ కింద సన్నటి కాలువ మిగిలి గాలి అందులోంచి పోతుంది. రబ్బరు పొడిని పొడిగుడ్డతో తుడవండి. గీకిన చోటును మళ్ళీ వేలితో ముట్టుకోకండి.

సొల్యూషన్ పలచగా, సమంగా రాయండి. తర్వాత ఆగండి. ఎండలో మూడు నుంచి ఐదు నిమిషాలు, వానాకాలం తేమలో పది నిమిషాల దాకా పట్టొచ్చు. తడి మెరుపు పోవాలి, అంచు మీద వేలి వెనక భాగం ఆనిస్తే అంటుకోకూడదు. చాలామంది తడిగా ఉండగానే అతికిస్తారు, అదే జిగురు అనుకుని. సొల్యూషన్‌లోని ద్రావకం ఎగిరిపోయాకే మిగిలిన రబ్బరు పొర ప్యాచీ అడుగు పొరతో కలిసి గట్టిపడుతుంది. తడిగా అతికిస్తే ద్రావకం కింద చిక్కుకుని, టైరు వేడెక్కగానే ఆవిరై, ప్యాచీని కింది నుంచి లేపుతుంది. నోటితో ఊదడం కూడా వద్దు, ఊపిరిలో తేమ ఉంటుంది. కొన్ని షాపుల్లో సొల్యూషన్‌కు అగ్గిపుల్ల అంటించి ఆరబెడతారు. పైన మసి పొర పడుతుంది, అతుకు బలం తగ్గుతుంది. పైగా పెట్రోలు బండి పక్కన నిప్పు. వద్దని మొహమాటం లేకుండా చెప్పండి.

ప్యాచీ రంధ్రానికి అన్ని వైపులా కనీసం సెంటీమీటరు ఎక్కువ ఉండాలి. అడుగు కాగితం తీసి, మధ్య నుంచి అంచులకు నొక్కుతూ అతికించండి. తర్వాత సీసా మూతి లాంటి గట్టి గుండ్రటి దానితో ఒక నిమిషం బాగా రుద్దండి, ముఖ్యంగా అంచుల్ని. పాత ట్యూబు నుంచి ముక్క కత్తిరించి వాడితే మూలలు గుండ్రంగా కోయండి, చదరపు మూల ముందుగా లేస్తుంది, ఆ ముక్కనూ ట్యూబు లాగే గీకి సొల్యూషన్ రాయాలి. అతికించిన వెంటనే ట్యూబును బయట బాగా ఉబ్బించి చూడొద్దు. సాగినప్పుడు అంచులు విడిపోతాయి. గుండ్రటి ఆకారం వచ్చేంత గాలి పెట్టి నీళ్ళలో ముంచి చూస్తే చాలు.

కరెంటు మిషనుతో వేసే వేడి ప్యాచీ సరిగా వేస్తే పైన చెప్పిన, సొల్యూషన్‌తో అతికించే చల్ల ప్యాచీ కన్నా గట్టిది, ముడి రబ్బరు వేడికి ఉడికి ట్యూబులో కలిసిపోతుంది. అయితే మిషను నుంచి తీశాక పూర్తిగా చల్లారేదాకా గాలి కొట్టకూడదు. నాలుగైదు ప్యాచీలు పడిన ట్యూబు, వాల్వు దగ్గర చిరిగింది, పొడుగ్గా చీలింది, గాలి లేకుండా నడిపి నలిగింది, వీటి మీద ఖర్చు పెట్టకుండా కొత్తది వేసుకోండి.

తిరిగి ఎక్కించేటప్పుడు ట్యూబుకు టాల్కం పౌడరు రాసి, ఆకారం నిలబడేంత కొద్ది గాలి కొట్టండి. ఖాళీ ట్యూబు మడతపడుతుంది, ఎక్కువ గాలి ఉంటే అంచు కింద పడుతుంది. వాల్వును రంధ్రంలో దూర్చి నట్టు రెండు చుట్లు మాత్రం తిప్పండి. టైరు అంచును వాల్వుకు ఎదురుగా మొదలుపెట్టి, రెండు వైపుల నుంచి వస్తూ వాల్వు దగ్గర ముగించాలి. విప్పడం వాల్వు దగ్గర మొదలు, ఎక్కించడం వాల్వు దగ్గర ఆఖరు. ఎందుకంటే వాల్వు మొదలు అడ్డం ఉండడం వల్ల అక్కడ అంచు మధ్య గాడిలోకి దిగదు, మిగతా చోట్ల దిగి వదులు ఇస్తుంది. చివరి జానెడు మేర చేతుల్తోనే తొయ్యడానికి ప్రయత్నించండి. లివరు తప్పకపోతే, ముందు వాల్వును లోపలికి ఒకసారి తోసి ట్యూబు అంచు కింద లేదని చూసుకోండి. టైరు మీద చిన్న పసుపు చుక్క ఉంటే అది సరిగ్గా వాల్వు పక్కనే రావాలి, అది టైరులో తేలికైన చోటు.

ఒకసారి గాలి కొట్టి, పూర్తిగా వదిలి, మళ్ళీ కొట్టండి. లోపల మడతలు విడిపోతాయి. టైరు అంచు పక్కన చుట్టూ ఒక సన్నటి గీత ఉంటుంది, అది రిమ్ము నుంచి అన్ని చోట్లా సమాన దూరంలో ఉండాలి. ఒక చోట లోపలికి పోయి ఉంటే అక్కడ సబ్బు నీళ్ళు పూసి, గాలి ఎక్కిస్తూ కూర్చోబెట్టండి. టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ ఒత్తిడి దాటకూడదు. చక్రం బిగించాక అడ్జస్టర్ గీతలు రెండు వైపులా ఒకటే ఉండాలి, చెయిను కింది భాగం మధ్యలో రెండు రెండున్నర సెంటీమీటర్లు ఆడాలి. టార్క్ రాడ్డు పిన్ను మరవకండి. అది లేకుండా బ్రేకు వేస్తే డ్రమ్ము ప్లేటే తిరిగి చక్రం పట్టేస్తుంది. కదిలే ముందు బ్రేకు నాలుగైదు సార్లు తొక్కి చూడండి.

గాలి విషయానికి వస్తే, ఈ తరగతి బండ్లకు ముందు 25 పీఎస్ఐ, వెనక ఒక్కరే ఉన్నప్పుడు 28 పీఎస్ఐ చుట్టూ, వెనక మనిషి కూర్చుంటే ఇంకా ఎక్కువ ఉంటుంది. మీ బండికి ఖచ్చితమైన అంకె చెయిను కవరు మీది స్టిక్కరులోనో, బండితో వచ్చిన పుస్తకంలోనో ఉంటుంది, అదే పాటించండి. పాల క్యాన్లు, ఎరువు బస్తాలు మోసేవాళ్ళు ఒక్క మనిషికి చెప్పిన ఒత్తిడితో తిరగడం వల్లే, టైరుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగే ఆ రెండు చీలికల పంక్చర్లు వస్తాయి. బండి నడవకముందు, టైరు చల్లగా ఉండగా పదిహేను రోజులకోసారి చూడండి.

ట్యూబ్‌లెస్ సంగతి. మామూలు స్పోకు రిమ్ముకు ట్యూబ్‌లెస్ టైరు వేసి ట్యూబు తీసేయడం కుదరదు, ప్రతి స్పోకు రంధ్రం నుంచీ గాలి పోతుంది. మీ బండికే అదే కంపెనీ అల్లాయ్ చక్రాలు సరిపోయేవి ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు. అసలు లాభం ఏమిటంటే, మేకు దిగినా గాలి ఒక్కసారిగా పోదు, చక్రం విప్పకుండా బయటి నుంచే ప్లగ్ (రంధ్రంలో దూర్చే జిగురు రబ్బరు స్ట్రిప్పు) వేయొచ్చు. ప్లగ్ వేసే తీరు ఇదీ: మేకు దిగిన కోణం చూసుకుని, అదే కోణంలో లాగండి. ప్లగ్ కిట్‌లోని రాస్పుకు (రంధ్రం లోపలి గోడను గరుకు చేసే ఆకురాయి పుల్ల) సొల్యూషన్ రాసి అదే కోణంలో దూర్చి నాలుగైదు సార్లు ఆడించండి. కిట్‌లోని సూది కంతలో స్ట్రిప్పును సగానికి ఎక్కించి, చివరలు ఒక సెంటీమీటరు బయట మిగిలేదాకా నెట్టి, సూదిని తిప్పకుండా నిటారుగా ఒక్క గుంజు గుంజండి. రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి కోసి, గాలి కొట్టి, సబ్బు నీళ్ళతో చూడండి. రోడ్డుకు ఆనే భాగంలో, 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రానికే ఇది. పక్క గోడలో పడితే ప్లగ్ వద్దు, టైరు మార్చాలి. అక్కడ రబ్బరు ప్రతి చుట్టూ వంగుతుంది, ప్లగ్ నిలవదు. ప్లగ్ వేసిన చక్రంతో హైవే మీద వేగంగా పోవద్దు. వీలైనప్పుడు టైరు విప్పించి లోపలి నుంచి పుట్టగొడుగు ప్యాచీ (రంధ్రంలో దూరే కాడ ఉన్న ప్యాచీ) వేయించుకోండి. గాలి లేకుండా కొంత దూరం నడిపిన ట్యూబ్‌లెస్ టైరు లోపల నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటే, పక్క గోడ లోపలి దారాలు చెడినట్టు. దాన్ని మళ్ళీ వాడకండి.

టైరు మార్చాలా అన్న ప్రశ్నకు: టైరు గాడుల్లో ఉండే చిన్న దిమ్మెల మట్టానికి టైరు అరిగితే మార్చండి. అరిగిన టైరులో రబ్బరు మందం తక్కువ, చిన్న ముల్లూ ట్యూబును చేరుతుంది. టైరు పక్కన నాలుగు అంకెలు చూడండి, 2519 అని ఉంటే 2019లో 25వ వారం తయారైందని. లోపలి దారం కనపడినా, పక్క గోడ పగుళ్ళిచ్చినా ఇంక ఆలోచించక్కర్లేదు. ఇవేవీ లేకపోతే మీ టైరు తప్పు కాదు.

షాపులో వేయిస్తే మూడు అడగండి: గుచ్చుకున్న ముల్లో మేకో చేతిలో పెట్టమనండి, రంధ్రం నుంచి వచ్చే బుడగలు నీళ్ళలో చూపించమనండి, టైరు లోపల గుడ్డతో తుడవమనండి. గాలి కొట్టించుకున్నాక అంకె గుర్తు పెట్టుకుని మర్నాడు పొద్దున్నే అదే గేజితో చూడండి. రెండు మూడు పీఎస్ఐ కాక పది పీఎస్ఐ తగ్గితే, బండి మీద ఎక్కక ముందే అదే చక్రాన్ని మళ్ళీ నీళ్ళలో చూడాలి.